కాగితం అడుగున పేరు

“చేతులు కడుక్కుని రా, కాగితం రాయాలి” అన్నాడు సంజీవరావు గుమ్మంలోంచే.

రెబ్కా పొద్దుటినుంచీ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. గోళ్ల సందుల్లో ఒకటే మంట. “మజ్జిగతో రుద్దుకో. మొన్నటి పత్రం మీద ఎర్ర మరక పడింది, రిజిస్ట్రారు ఆఫీసులో నవ్వారు” అని కూడా అన్నాడు. నవ్వితే ఆయన్ని చూసే నవ్వి ఉంటారు. ఆ మరక ఎవరి వేలిదో వాళ్లకేం తెలుసు?

చిలకలూరిపేటలో సంజీవరావు దస్తావేజుల లేఖరి. అమ్మకం పత్రమైనా అద్దె కరారైనా, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆయన దగ్గరికే వస్తారు. ఆ అక్షరాలు రెబ్కావి. పెళ్లయిన కొత్తలో ఆమె పుట్టింటికి రాసిన ఉత్తరం చూసి, “ఇదేదో పనికొచ్చేట్టుందే” అన్నాడు. అప్పట్నుంచీ తొమ్మిదేళ్లుగా ఆయన చిత్తు తెస్తాడు, మధ్యాహ్నం అంట్లు తోమాక ఆమె సాఫు రాస్తుంది. కాగితం అడుగున ‘దస్తూరి’ అని ఉండి, పక్కన ఆ చేతిరాత ఎవరిదో వాళ్లు పేరు పెట్టాలి. అక్కడ మాత్రం ఆమె ఖాళీ వదలాలి. ఆయన వచ్చి కోడిగీతల్లాంటి సంతకం చేస్తాడు. ఒకసారి నడుం పట్టేసిందంటే అత్త కొండమ్మ, “కూర్చుని గీసేదానికి కూడా నడుం నొప్పేనా అమ్మా!” అంది.

జయకుమారిదీ రాతపనే. జిన్నింగు మిల్లు ఆఫీసులో టైపు కొడుతుంది. ఆమెకు కుర్చీ ఉంది, జీతం ఉంది, చేతికి వాచీ ఉంది. ఎదురుగా బుల్లయ్య ఇంట్లో వీధివైపు గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే తలుపు లాగి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, చెవిని సంచిలో పడేసుకుని వెళ్తుంది. కళ్లాపి చల్లుతూనో, బియ్యం చెరుగుతూనో రెబ్కా రోజూ ఆ చప్పుడు వింటుంది. తను గడియ వేసుకునే తలుపు ఈ ఇంట్లో ఒక్కటీ లేదు. స్నానానికి తాటాకు దడి, దానిమీద చీర వేసి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు. “జయకుమారి గారిని చూడు, ఎంత నీటుగా ఉంటారో” అనేవాడు సంజీవరావు. ఆవిడకు గారూ, తనకు ఏమేనూ. ఆవిడ తన ఒక్కదాని కంచమే కడుక్కుంటుందండీ అని నోటిదాకా వచ్చేది. గుడిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా ఆ తాళంచెవే కనపడేది. ఒక ఆదివారం, “దేవా, ఆ తాళం ఊడిపోవాలి” అని కూడా అడిగింది. అడిగినందుకు సిగ్గుపడింది గాని, వెనక్కి తీసుకోలేదు.

ఈ ఏడు మిరప బాగా పండింది. బస్తాలు వేసుకోవడానికి బుల్లయ్యకు ఆ గది కావాల్సి వచ్చింది. పొమ్మంటే జయకుమారి కదల్లేదు. ఆమె అసలు అద్దెకే లేదనీ, జాలిపడి ఉండనిచ్చాననీ, ఆమె చూపించే కరారు దొంగ కాగితమనీ కోర్టుకెక్కాడు.

మొన్న జయకుమారి వచ్చింది. సంజీవరావు కుర్చీ వేశాడు.

“ఆ కరారు మీరు రాసిందే గదండీ. కోర్టులో ఆ ఒక్కమాట చెప్పండి చాలు. లేకపోతే నా సామాను రోడ్డుమీదే. ఒంటరి ఆడదానికి పేటలో ఇంకో గది ఎవరిస్తారండీ?”

“చూద్దాం లెండి” అన్నాడాయన, ఎటో చూస్తూ.

కాఫీ గ్లాసు అందిస్తూ రెబ్కా ఆమె చేతివంక చూసింది. వాచీ పెట్టుకున్న ఆ చెయ్యి గ్లాసు అందుకోవడం మరిచి, సంచిలో తాళంచెవిని తడుముకుంటోంది. రెబ్కాకు లోపలెక్కడో తియ్యగా అనిపించింది.

ఇవాళ ఆయన తెచ్చిన చిత్తు కోర్టులో ఇవ్వాల్సిన వాంగ్మూలం. ‘సదరు కరారులోని దస్తూరి నాది కాదు’ అని ఉంది.

“ఇట్లా చెబుతారా?” అంది రెబ్కా.

“అబద్ధమేముందే? నిజంగా నాది కాదుగా!” సంజీవరావు తన జోకుకు తనే నవ్వాడు. “బుల్లయ్య గారి కాగితాలన్నీ మన దగ్గరికే వస్తాయి. ఆయన్ని కాదనుకుని ఏం తింటాం? నేను నీళ్లు పోసుకొచ్చేలోపు రాసిపెట్టు.”

రెబ్కా రాసుకునే పీట ముందు కూర్చుంది. కరారు రాసిన చేత్తోనే, ఆ కరారు తనది కాదని రాయమంటున్నాడు ఈ మనిషి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే పలక పట్టిన పిల్ల కూడా కనిపెడుతుంది. అంత లేఖరికి ఆ సంగతే తట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఆ అక్షరాలు తనవే అనుకుంటున్నాడు మరి.

తట్టకపోయినా ఫర్వాలేదు. రెబ్కా అక్షరాలు మార్చి రాస్తే సరిపోతుంది. మొగుడి పరువు నిలుస్తుంది, ఆ తాళం ఊడుతుంది.

మార్చి రాసింది. తలకట్లు వంకర పెట్టింది, ఒత్తులు సాగదీసింది. రెండు వరసలయ్యాక చూసుకుంటే ఎవరో గిట్టనివాళ్లు రాసినట్టుంది. పుట్టింటి ఊళ్లో మిషను బడి పంతులమ్మ, “నీ అక్షరం చూస్తే ఆకలేయదే” అని బడంతా తిప్పి చూపించిన చెయ్యి ఇది. ఈ ఇంటికి తను తెచ్చుకున్నదల్లా ఇదొక్కటే. దీన్ని కూడా పాడుచేసుకుంటే ఆ గది తనకేమన్నా వస్తుందా? మిరపకాయల బస్తాలకొస్తుంది.

రెబ్కా ఆ కాగితం చించేసింది. జయకుమారి మీద కడుపుమంట చల్లారలేదు. రేపు పొద్దున ఆ తాళం చప్పుడు వింటే మళ్లీ అంతే మండుతుందని ఆమెకు తెలుసు. అయినా కొత్త కాగితం తీసుకుని, ఎప్పటి అక్షరాలతోనే, ఎప్పటికన్నా నిదానంగా రాసింది. అడుగున ‘దస్తూరి’ పక్కన ఖాళీ వదల్లేదు, తన పేరు పెట్టింది.

సంజీవరావు తల తుడుచుకుంటూ వచ్చి, ఎప్పటిలాగే చదవకుండా, ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు. ఆరిందో లేదో ఊది, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“రేపు కోర్టుకు నరసరావుపేట బస్సు ఎన్నింటికండీ?”

“నీకెందుకే?”

“దస్తూరి ఎవరిదని అడుగుతారుగా. నేనూ వస్తాను” అంది రెబ్కా.