బందరు గాంబిట్

బందరు గిలకలదిండిలో వలల దుకాణం నడిపే కాలేషాకి తనదని గొప్పగా చెప్పుకోదగ్గది ఒక్కటే: నల్లపావులతో ఒక బంటును ఎర వేసి, దాన్ని తిన్నవాణ్ణి ఊపిరాడకుండా చేసే ఆరంభం. పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ చదరంగం ఆడే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దానికి బందరు గాంబిట్ అని పేరు పెట్టారు. ఫోన్లో ఆడితే కంప్యూటరుతో ఆడినట్టేనని వాళ్లింకా పోస్టుకార్డు వదల్లేదు.

ఈసారి తెల్లపావులు గుడివాడ సోమేశ్వరరావువి. బంటును తిన్నాడు. కాలేషా మురిసిపోయాడు. మరుసటి కార్డులో ఆ మహానుభావుడు తన బంటునొకదాన్ని ఎదురిచ్చేశాడు. గాంబిట్‌కున్న ఒకే ఒక్క చిల్లు అదే.

సొంతంగా కనిపెట్టాడేమోలే అనుకున్నాడు కాలేషా, పాపం. కానీ కార్డు కింద ఇంకో వరస ఉంది. కార్డులు ఆదా అవుతాయని 'నువ్విలా వేస్తే నేనలా వేస్తా' అని ముందే రాసేయడం వాళ్లకి అలవాటు. సోమేశ్వరరావు ఉత్సాహం ఆపుకోలేకపోయాడు: 'నువ్వు రాజును ముందుకు నడిపితే, గుర్రంతో చెక్. నీ మంత్రి పోతుంది.'

ఆట మధ్యలో రాజును ముందుకు నడుపుతారని బుద్ధున్నవాడెవడైనా ఊహిస్తాడా? ఆ పిచ్చి ఎత్తు కాలేషా జన్మలో ఒక్కసారే వేసి చూశాడు, దివిసీమలో, స్నేహితుడు అవనిగడ్డ హరిబాబు వరండాలో. తుఫానుకి బస్సులాగిపోయి అక్కడే ఉండిపోయినప్పుడు ఇద్దరూ ఆ చిల్లు పూడ్చాలని తలలు బద్దలు కొట్టుకున్నారు. గుర్రం చెక్కు కనిపెట్టింది హరిబాబే. "ఇది మన మధ్యే ఉండాలి బావా" అన్నదీ అతనే.

కాలేషా పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాడు.

"ఏరా హరీ, ఇదేంట్రా?" అని కార్డు ముందు పెట్టాడు.

హరిబాబు తల దించుకున్నాడు. "పోయిన నెల ఇంటికొచ్చాడు బావా. ఎప్పుడూ నువ్వే గెలుస్తున్నావని తెగ ఉడుక్కున్నాడు. పక్కన కూర్చుని అడుగుతుంటే నోరు జారాను. ఆటే కదా."

"నోరు జారితే ఒక మాట బయటికొస్తుంది. ఇంత వరసా?"

హరిబాబు భార్య అన్నపూర్ణ కాఫీ తెచ్చి పెడితే కాలేషా ముట్టుకోలేదు. గాంబిట్ పోతే పోయింది. తన లోటెక్కడుందో నమ్మి చూపించుకున్న మనిషే దాన్ని పరాయివాడి చేతిలో పెట్టాడు. అదీ అతనికి మింగుడు పడనిది.

అక్కడే కూర్చుని సోమేశ్వరరావుకి కార్డు రాశాడు: 'ఓడిపోయాను. ఆట మీది.' అవనిగడ్డ ముద్రతో అది గుడివాడ చేరితే, గుట్టు బయటపడిందని ఆయనకీ తెలుస్తుంది.

హరిబాబు గుమ్మం దాకా వచ్చాడు. "మళ్లీ ఎప్పుడొస్తావు బావా?" అని నసిగాడు.

కాలేషా కార్డు అతని చేతిలో పెట్టాడు.

"కాస్త ఇది పోస్టు డబ్బాలో వేసేయండి, హరిబాబు గారూ."