రక్తపు చుక్క

కాగులో నిన్నటి టర్నిప్ సూపు అడుగంటింది. సిస్టర్ ప్రక్సెదా మోచేతుల దాకా చేతులు లోపలికి పెట్టి, బూడిదా ఇసుకా కలిపి రుద్దుతూ, అడుగంటించిన మనిషిని తిట్టిపోస్తోంది. అడుగంటించింది తనే. ఆ సంగతి వంటింట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పొట్టి మనిషి. పొయ్యి సెగకి ఎర్రబడి అలాగే ఉండిపోయిన ముఖం, నూనె చిటపటలకి మచ్చలు తేలిన ముంజేతులు. పాలేరు కూతురు. కట్నం ఏమీ లేక మఠానికి వెంట తెచ్చింది రెండు చేతులే కాబట్టి పాటల పుస్తకం బదులు గరిటె ఇచ్చారు. సగం జీవితం ఆ పొయ్యి ముందే గడిచింది. అబద్ధమంటే ఆమెకి ఒళ్ళు మంట. ఉపవాసం రోజు ఉప్పు చూడడానికి సూపు చుక్క నాలిక మీద వేసుకున్నా సరే, శనివారం ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సిందే. ఫాదర్ ఆవులింత ఆపుకుంటూ వింటాడు.

కిటికీ దగ్గర దుంపలు చెక్కుతున్న సిస్టర్ బెనిగ్నా మాత్రం నిలువెల్లా అబద్ధం. ఆమె అసలు పేరు ఫ్రయ్‌దా, పక్క పట్నంలో గడియారాలు బాగుచేసే యూదుడి కూతురు. జర్మన్లు ఆమె వాళ్ళందరినీ రైలెక్కించాక వచ్చి మఠం తలుపు తట్టింది. మఠానికి పెద్దయిన మదర్ ఆ పిల్లకి సిస్టర్ల నల్ల అంగీ తొడిగి వంటింట్లోకి పంపింది. యూదుల్ని దాచినట్టు తేలితే ఈ పోలండులో ఆ ఇంట ఎవరినీ మిగల్చరు.

ప్రక్సెదా మొదట సణిగింది. తరవాత గరిటె చేతపట్టి పాఠం మొదలెట్టింది. సిలువ గుర్తు ఏ భుజం నుంచి ఏ భుజానికి వెయ్యాలి, బలిపీఠం ముందు ఏ మోకాలు వంచాలి, యూదులు ముట్టని పంది కొవ్వు ముఖం చిట్లించకుండా ఎలా మింగాలి.

"మా అమ్మ చూస్తే ఏడుస్తుంది," అంది ఫ్రయ్‌దా మొదటిసారి.

"బతికున్నావని చూస్తే నవ్వుతుంది. మింగు."

దుంపలు చెక్కుతూ ఆ పిల్ల తన ఇంటి కబుర్లు చెప్పేది. పాలూ మాంసమూ కలవకూడదని పాలకి నీలం అంచు గిన్నెలట, మాంసానికి ఎర్రంచువట. "రెండు జతలు తోమేదెవరే, మీ అమ్మేనా? పాపం," అనేది ప్రక్సెదా.

ఒకరోజు మధ్యాహ్నం కాకముందే వాకిట్లో జర్మన్ల లారీ ఆగింది. పైఅంతస్తులో బూట్లు టకటకలాడాయి. అల్మరాలు లాగి పడేస్తున్న చప్పుడుకి వంటింటి కప్పు నుంచి సున్నం రాలింది. చేతిలో గుడ్ల బుట్టతో గవ్రోన్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు సంతలో గుడ్లు అమ్మేవాడు, ఇప్పుడు జర్మన్ల వెంట దుబాసీగా తిరుగుతున్నాడు.

"సిస్టరమ్మ గారూ, దొర ఆకలి మీదున్నాడు. వెన్న వేసి బాగా పొరటండి," అని పీట లాక్కుని కూర్చుని ఈల వెయ్యసాగాడు.

ఫ్రయ్‌దా చెక్కుతున్న దుంప వదిలేసి లేచి నిలబడింది. పని ఉంటే ఆ బెదురు కనబడదనుకుంది ప్రక్సెదా. "గుడ్లు కొట్టవే, చూస్తూ నిలబడతావేం?" అని కసిరి, బాణలి పొయ్యి మీద పెట్టింది.

ఫ్రయ్‌దా గాజు గ్లాసు తీసుకుంది. ఒక గుడ్డు అందులోకి కొట్టి, వెలుతురుకి ఎత్తి చూసి, గిన్నెలో పోసింది. ఇంకొకటి కొట్టి అలాగే పోసింది. తరవాతి దాంట్లో సొనకి ఆనుకుని ఎర్రటి చుక్క కనబడింది. ఆలోచన లేకుండానే గ్లాసు కుడితి బాల్చీలో వంపేసింది.

గుడ్డు! ఈ కరువులో! ప్రక్సెదా నోటిదాకా తిట్టు వచ్చింది. అప్పుడే గవ్రోన్ ఈల ఆగిపోయింది. అతని ముఖం చూశాక ఆమె ఆ తిట్టు మింగేసింది. ఇది మామూలు దుబారా కాదు. ఎన్నో నేర్పింది కానీ, గుడ్డు ఎలా కొట్టాలో నేర్పాలని ఎవరికి తోస్తుంది?

"అదేంటి, పారబోశారు?" అన్నాడు గవ్రోన్ తీరిగ్గా. "నేనూ గుడ్లమ్మిన వాడినేగా. రక్తపు చుక్క ఉంది, మేం తినకూడదని గుడ్డు నా మొహాన కొట్టేది ఊళ్ళో యూదుల ఆడవాళ్ళే."

ఫ్రయ్‌దా ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నేను నేర్పానయ్యా," అంది ప్రక్సెదా. "తిట్టాలంటే నన్ను తిట్టు. ఇక్కడికి రాకముందు యూదుల ఇంట్లో పనిచేశా. పాలకి నీలం అంచు గిన్నె, మాంసానికి ఎర్రంచుది. ఒకసారి మార్చేశానని ఆ మహాతల్లి నాకు రోజంతా కూడు పెట్టలేదు. ఆ భయం ఇంకా పోలేదు."

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు.

"అలాగా," అని గవ్రోన్ బుట్ట ఆమె ముందుకు తోశాడు. "ఏదీ, మీరు కొట్టండి చూద్దాం."

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ గిన్నె అంచుకే పోయింది. గాల్లో ఆపి, గ్లాసు అందుకుంది. కొట్టి, ఎత్తి చూసి, పోసింది. మళ్ళీ కొట్టింది. గవ్రోన్ కళ్ళు ఆమె వేళ్ళ మీదే ఉన్నాయి. బుట్ట అడుక్కి వచ్చాక ఆవగింజంత ఎర్రటి చుక్క కనబడింది. పై గదుల్లో ఆకలితో మంచం పట్టిన ముసలి సిస్టర్లు గుర్తొచ్చారు. ప్రాణం ఉసూరుమంది. గ్లాసు బాల్చీలో వంపేసింది.

గవ్రోన్ బాల్చీలోకి తొంగిచూశాడు. ఫ్రయ్‌దా మీది అనుమానం పోయింది కానీ, వట్టి చేతులతో దొర ముందుకి వెళ్ళాలంటే అతనికి ముఖం చెల్లదు.

"వాళ్ళ ఉప్పు తిన్నారన్న మాట. వాళ్ళెవరో, ఇప్పుడెక్కడ దాక్కున్నారో దొరగారికే చెబుదురు గాని."

పైన ఏమీ దొరకని దొర విసుగ్గా కిందికి వచ్చి, గుడ్లు తింటూ గవ్రోన్ చెప్పింది విని, మూతి తుడుచుకుని, ప్రక్సెదా వైపు వేలు చూపించాడు. మదర్ అడ్డుపడబోతే ఒక సైనికుడు పక్కకి నెట్టాడు. ప్రక్సెదాకి భయమేసింది. చిన్నపిల్లలా భయమేసింది. చేతులు తుడుచుకుని ఫ్రయ్‌దా వైపు తిరిగింది.

"సూపు మళ్ళీ అడుగంటిందో, ఊరుకోను."

"అలాగే సిస్టర్," అంది ఫ్రయ్‌దా. ఏడవలేదు. ఏడిస్తే అంతా పోతుందని తెలుసు.

వంటపనీ ఇంటిపనీ చేసే సిస్టర్లు ఎప్పుడూ నడవని పెద్ద గుమ్మం గుండా ఆమెని తీసుకెళ్ళారు. మెట్ల దగ్గర ప్రక్సెదా తన పాదాల వంక చూసుకుంది. వంటింటి గుడ్డ జోళ్ళే ఉన్నాయి, బయట బురద.

"చెప్పులు తెచ్చుకోనా?"

"బండి ఉందిగా సిస్టరమ్మా. నడిచేదెక్కడ?" అన్నాడు గవ్రోన్.

చలికాలం వచ్చి, మంచు కరిగేలోపు పట్నం జైలు నుంచి ఫాదర్ కబురు తెచ్చాడు. ఎంత కొట్టినా ప్రక్సెదా ఒక్క పేరూ చెప్పలేదట, జ్వరంతో పోయిందట. ఫ్రయ్‌దా పొయ్యి ముందు నిలబడి వింది. సూపు కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

పెరటి గుమ్మం పక్కన ప్రక్సెదా చెక్క చెప్పులు గోడకి ఆనించి అలాగే ఉన్నాయి, ఎడమ దాని మడమ బాగా అరిగి, ఆ రోజు పొద్దున్న అంటిన బురద ఇంకా రాలకుండా.