పారిపోయే గ్రహం

మళ్లీ పారిపోయింది.

గుండ్రటి పైకప్పు మీద నీలం గ్రహం సూర్యుడి చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టుకూ ఇంకాస్త దూరం జరిగి, చివరికి ఎగ్జిట్ బోర్డు పక్కనుంచి మాయమైంది.

"అక్కా, దానికి సూర్యుడితో పొసగట్లేదు. వదిలెయ్, దాని బతుకు దాన్ని బతకనీ," అన్నాడు తమ్ముడు, కుర్చీలో వెల్లకిలా వాలి.

ఈ నక్షత్రశాలలో బొమ్మలు గీసేది తమ్ముడు, వాటిని కదిలించే ప్రోగ్రామ్ రాసేది అక్క. ఇక్కడ రోజూ వేసే కొన్న సినిమా బదులు తను రాసిన సౌరకుటుంబం చూపిస్తానని ఆమె ఏడాదిగా పోరుతోంది. డైరెక్టరు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. బడిపిల్లలు వచ్చేసరికి గ్రహం కుదురుగా తిరగాలి. లేదంటే పాత సినిమాయే, ఆమె ప్రోగ్రామ్ అటకెక్కినట్టే.

పిల్లల బస్సు అప్పుడే గేటు దాటింది.

కంప్యూటరు గ్రహాన్ని చిన్న చిన్న అడుగులుగా జరుపుతుంది.

"అడుగు ఇంకా చిన్నది చెయ్యకపోయావా?"

"చేశాన్రా. తాపీగా పారిపోతోంది."

ఆమె గ్రహం శక్తిని చూపే గ్రాఫు తెరిచింది. అడ్డంగా సాగాల్సిన గీత పైకి ఎగబాకుతోంది.

"ఎవరూ తొయ్యకుండా దీనికింత ఊపెక్కడిదిరా?"

"నన్నంటావేం? నేను రంగేశానంతే!"

ఆమె తన ప్రోగ్రామ్ మళ్లీ చదివింది. ముందు సూర్యుడి లాగుడు లెక్కకట్టడం. తర్వాత గ్రహాన్ని జరపడం. ఆ తర్వాత వేగం మార్చడం.

చెయ్యి ఆగిపోయింది. సూర్యుడు లాగుతున్నా గ్రహం పాత వేగంతోనే అడుగేస్తోంది! వంపు తిరగాల్సిన ప్రతిచోటా తిన్నగా, రవ్వంత బయటికి. ఆ రవ్వలన్నీ కలిసి దాన్ని గోడ దాటిస్తున్నాయి.

"ఓరి నా తెలివి తెల్లారా!"

చివరి రెండు వరుసలూ తారుమారు చేసింది. ముందు వేగం మార్చు, ఆ కొత్త వేగంతో అడుగెయ్.

తలుపు తెరుచుకుంది. డైరెక్టరు, వెనకాల పిల్లల గోల.

"ఏమ్మా, సినిమా వేయించెయ్యనా?"

"కూర్చోండి సార్," అంటూ మీట నొక్కింది. సరిచూసుకునే వ్యవధి లేదు.

చీకటి. గ్రహం బయల్దేరింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. గ్రాఫులో గీత కాస్త ఊగింది, పైకి మాత్రం ఎక్కలేదు. గ్రహం అదే దారిన వంపు తీసుకుంది, మళ్లీ అదే దారిన.

"ఉందక్కా! పోలేదు!" తమ్ముడు కేకేశాడు. ఎందుకో తెలియకపోయినా పిల్లలంతా కేకేశారు.

డైరెక్టరు నేలమీద పిల్లల మధ్యే చతికిలబడ్డాడు. "సినిమా వద్దులేమ్మా. ఇదే రోజూ వేద్దాం."

ముందు వరుసలో ఓ పాప చెయ్యెత్తింది. "ఆంటీ, అది అలిసిపోదా?"

అక్క పకపకా నవ్వేసింది. "అలసట నేను రాయలేదు తల్లీ!"