కూత పడ్డాక పడిన గోలు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. గోడ గడియారాల లెక్కలో నేను అసలు గడియారాన్నే కాదు. వాటికి పొద్దూ మాపూ తెలుసు, నాకు తెలియదు. ఎవరో బొటనవేలితో నా నెత్తిన నొక్కితే నడుస్తాను, మళ్లీ నొక్కితే ఆగుతాను. నా అంతట నేను నడిచిందీ లేదు, ఆగిందీ లేదు. నా బతుకంతా ఇంతే.

నన్ను చేసిన కార్ఖానా ఎక్కడో చలి ఊళ్లో ఉంది. నా పొట్టలో పళ్ల చక్రాలు బిగించిన ఆడమనిషి చివరికి నన్ను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. బాగానే ఉందన్నట్టు తలూపి పెట్టెలో వేసింది. నేను ఏం చెబుతున్నానో విన్న మనిషి ఆమె ఒక్కతే. తర్వాత నన్ను అందరూ చూశారు గానీ ఎవరూ వినలేదు.

అక్కణ్నుంచి బొగ్గు బావుల ఊరికి వచ్చి పడ్డాను. పేరెందుకు, గోదావరి ఒడ్డున అలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ గనిని బాయి అంటారు. నా మొదటి యజమాని టైం స్టడీ ఆఫీసరు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి టబ్బుల్లోకి బొగ్గెత్తే ఫిల్లర్ల పక్కన నిలబడి, ఒక టబ్బు నిండడానికి ఎంతసేపు పడుతుందో నాతో కొలిచేవాడు. ఫిల్లరు చెమట తుడుచుకుంటే ఆ కాస్తా వృథా కింద రాసేవాడు. తనకు బొగ్గు దుమ్ముకు దగ్గొస్తే మాత్రం నన్ను ఆపేవాడు. ఆయన దగ్గు లెక్కలోకి రాదు, వాళ్ల చెమట వస్తుంది. చదువుకున్నవాడి లెక్క అట్లా ఉంటుంది. కడుపు మండిన కార్మికులు ఒకరోజు చెమ్మస్‌లు కింద పడేసి, ఆ వాచీ ముల్లు బాయిలోకి దిగితే మేం దిగమన్నారు. వాళ్లే గెలిచారు. నన్ను తీసుకెళ్లి రిక్రియేషన్ క్లబ్బు బీరువాలో పారేశారు. నాకూ సంతోషమే అయింది, అడిగినవాళ్లు లేరు గానీ.

ఆ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ప్రాణం. గడియారమంటే లెక్కలేదు. ఎన్నో ఏళ్లుగా అక్కడ ఆటకు ఒకటే పద్ధతి: సాయంత్రం జనరల్ షిఫ్టు దిగే సైరన్ కూసిందా, ఆట బంద్. బంతి గాల్లో ఉన్నా సరే బంద్. బాయి మనుషులకు కూత అంటే చేతిలో పనిముట్టు జారిపోవడమే. కూత పడ్డాక ఇంకో తట్ట ఎత్తినవాణ్ని పక్కవాడే తిట్టేవాడు. కూతతో పని ఆపే హక్కు కోసం వాళ్ల తండ్రులు దెబ్బలు తిన్నారు. ఆ అలవాటు వాళ్ల ఒంట్లో ఉంది, మైదానంలోకి వస్తే మాత్రం ఎక్కడికి పోతుంది?

ఒక ఏడు కొత్తగా వచ్చిన జనరల్ మేనేజరు మైకులో రెండు మాటలు చెప్పాడు. ఒకటి, కప్పు ఫైనల్‌ని రూలు ప్రకారం వాచీతో ఆడాలి. రెండు, కప్పు గెలిచిన టీములో బదిలీ వాళ్లుంటే పర్మినెంటు చేస్తారు. రెండో మాటకు కొట్టిన చప్పట్లలో మొదటి మాట ఎవరికీ చెవిన పడలేదు.

బదిలీ అంటే అక్కడ ఊరు మారడం కాదు. పొద్దున్నే బాయి మీద హాజరు వేసే మస్టరు కిటికీ ముందు నిలబడాలి. పర్మినెంటు మనిషి ఎవడైనా రాకపోతే వాడి ఖాళీలో దిగాలి. అందరూ వస్తే ఇంటికి పోవాలి. బాయి టీము గోల్‌కీపరు ఓదెలు అట్లాంటి బదిలీ ఫిల్లరు. ఆయన పొయ్యి వెలగాలంటే ఊళ్లో ఎవడికో ఒకడికి జ్వరం రావాలి. మంచి మనిషిని రోజూ పక్కవాడి జ్వరం కోసం ఎదురుచూసేలా చేసిన ఏర్పాటు అది. పైగా ఆ ఎండాకాలం దాటితే పర్మినెంటుకు ఆయన వయసు దాటిపోతుంది.

ఫైనల్లో బాయి టీముకు ఎదురు ఆఫీసు టీము. సమానంగా ముగిస్తే కప్పు పోయినేడు గెలిచినవాళ్లది, అంటే బాయి వాళ్లది. కాబట్టి ఓదెలు చేయాల్సింది ఒక్కటే. గోలు పడనీయకూడదు.

నన్ను బీరువాలోంచి తీసి రిఫరీ లింగమూర్తి సారుకు ఇచ్చారు. కంపెనీ బళ్లో డ్రిల్లు సారు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డవాడితో కొట్లాడొచ్చు. భయస్తుడితో ఏం చేస్తాం? సారు నన్ను తాడుతో మెడలో వేసుకుని చొక్కా లోపలికి తోసుకున్నాడు. ఆయన గుండె నా వీపుకు తగులుతూ ఉంది. నాకంటే వేగంగా కొట్టుకుంటోంది.

ఆట భలే సాగింది. ఓదెలు పిల్లిలాగా దూకుతున్నాడు. గోలు వెనక బజ్జీల బండి పెట్టిన రాజవ్వ ఊరికే ఉండలేదు, రిఫరీ మీద కేకేసింది.

"సారూ, కాళ్లు గుంజుతున్నయా? కుర్సీ ఏపియ్యాల్నా?"

"నీ నూనె మాడుతున్నది, చూసుకో రాజవ్వా" అన్నాడు ఓదెలు, బంతి మీంచి చూపు తిప్పకుండానే.

ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా బంతి పోయి తుమ్మ చెట్లలో పడింది. ముల్లు దిగి గాలి పోయింది. కొత్త బంతి వచ్చేదాకా సారు నన్ను నొక్కి ఆపాడు. అది రూలే. కొత్త బంతి వచ్చింది. దాన్ని చంకలో ఇరికించుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని, ఇరుపక్కలవాళ్లనూ దూరం జరిపి, ఊది, పరిగెత్తాడు. నన్ను నొక్కడం మరచిపోయాడు.

ఆట నడుస్తోంది, నేను నడవడం లేదు. చొక్కా లోపల, చెమటలో, కొయ్యలా వేలాడుతున్నాను. సారు ఒకసారి తీసి చూశాడు. రెండు నిమిషాలుంది. పరిగెత్తాడు. మళ్లీ చూశాడు. రెండు నిమిషాలే ఉంది. ఇదేమిటి, కాలం ఇంత నెమ్మదిగా నడుస్తోందేమిటి అని నుదురు తుడుచుకున్నాడు. నన్ను అనుమానించాలని మాత్రం తట్టలేదు. నేను అరవగలిగితే మైదానమంతా వినపడేలా అరిచేదాన్ని. ఒక బొటనవేలు కావాలి నాకు, అంతే. అది ఆయన దగ్గర ఉంది.

అప్పుడు కూత పడింది.

బాయి టీము ఆగిపోయింది. అందరూ ఒక్కసారే, తాడు తెంపినట్టు. ఒకడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు, ఒకడు నవ్వుతూ కూలబడ్డాడు. గెలిచామనుకున్నారు. అసలు గెలిచారు కూడా, నేను సరిగా నడిచి ఉంటే ఆ పాటికి ఆట ముగిసి చాలాసేపయ్యేది. ఓదెలు ఒక చేతి గ్లౌజు తీసి, స్తంభం వెనక పెట్టిన తువ్వాల కోసం వంగాడు. బంతి ఆఫీసు టీము కుర్రగుమాస్తా హరనాథం కాళ్ల దగ్గర ఉంది. వాడూ ఆగాడు. సారు వైపు చూశాడు. సారు ఊదలేదు. వాడు గట్టిగా కూడా తన్నలేదు, ఊరికే తోశాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ పోయి, వంగి ఉన్న ఓదెలు పక్కనుంచి లోపలికి వెళ్లింది.

సారు గోలుకు విజిల్ ఊదాడు.

బాయి కెప్టెన్ కొమురయ్య నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు, అరవలేదు. "కూత పడ్డది గద సారూ. కూత పడ్డంక ఆటేంది?"

"కూతకూ ఆటకూ సంబంధం లేదు కొమురయ్యా. వాచీ ప్రకారం ఆట."

"నేనేం జేసిన, ఊదలేదు గదా అని తన్నిన" అని హరనాథం గొణిగాడు.

"నిన్నెవడన్నడు? ఊకో" అన్నాడు కొమురయ్య. "సారూ, ఏది ఆ వాచీ? చూపియ్యున్రి."

షామియానా కింద నుంచి వెల్ఫేర్ ఆఫీసరు ప్రభాకరరావు కూడా లేచి వచ్చాడు. "ఏమయ్యా మూర్తీ, టైముందా లేదా? జీఎం గారు వెళ్లాలి. ఏదో ఒకటి తేల్చు."

సారు చొక్కాలోంచి నన్ను తీశాడు. అరచేతి చాటున చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. నా ముల్లు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది. ఆయన మొహంలో నెత్తురు దిగిపోవడం నేను దగ్గరనుంచి చూశాను. ఒక్క మాట చాలు. 'వాచీ ఆగింది, నాదే పొరపాటు.' పెదవులు కదిలాయి కూడా. ప్రభాకరరావు గొంతు సవరించుకున్నాడు.

బొటనవేలు నా నెత్తి మీదికి జరిగింది. నొక్కింది.

నేను నడిచాను. నడవకుండా ఎట్లా ఉంటాను? నా నెత్తిన నొక్కారు.

"చూడున్రి" అన్నాడు సారు, అరచేయి చాపి. "ఇంకా ఉంది."

అందరూ వంగి చూశారు. ముల్లు టిక్కుటిక్కుమని తిరుగుతోంది. తిరిగే ముల్లును చూస్తే మనుషులకు ఎంత నమ్మకమో. కొమురయ్య కూడా నమ్మాడు. తన చెవులతో విన్న కూత కంటే నన్నే నమ్మాడు. రాజవ్వ ఒక్కతే నమ్మలేదు. "గా దానికేం దెలుసు, సారు జేబుల పుట్టి సారు జేబుల పెరిగింది" అన్నది.

లేని ఆ రెండు నిమిషాలు ఆడారు. బాయి వాళ్లు పిచ్చెత్తినట్టు ఆడారు. ఓదెలు కూడా గోలు వదిలి ముందుకు పరిగెత్తాడు, ఒక చేతికే గ్లౌజు. బంతి వెళ్లి స్తంభానికి కొట్టుకుంది. నా ముల్లు చివరికొచ్చింది, సారు ఊదాడు. ఈసారి చాలాసేపు ఊదాడు.

ఆఫీసు టీములో బదిలీవాడు ఒక్కడూ లేడు. అందరూ పర్మినెంటే. కాబట్టి ఆ ఏడు ఎవరికీ ఉద్యోగం ఇవ్వాల్సిన పని పడలేదు. మేనేజరు మాట తప్పలేదు, చూడండి. మాట మాటగానే ఉంది, ఉద్యోగమే లేదు. బాయివాళ్లు ఆఫీసు ముందు కూర్చున్నారు. రిఫరీ మాటే ఆఖరు అన్నాడు ప్రభాకరరావు. ఆట సంగతి యూనియన్ సంగతి కాదు అన్నారు నాయకులు. టైం స్టడీ ముల్లును బాయి మీదికి రానీయని మనుషుల కొడుకులే వీళ్లు. అప్పుడు నా ముల్లు వాళ్ల జీతం కొలిచింది కాబట్టి తండ్రులు తిరగబడ్డారు. ఇప్పుడు ఒక మనిషి బతుకు కొలిస్తే, ఆటే కదా అని కొడుకులు లేచి వెళ్లిపోయారు. ఓదెలు తెల్లారి ఎప్పటిలాగే మస్టరు కిటికీ ముందు నిలబడ్డాడట. ఆ రోజు అందరూ పనికి వచ్చారట.

తర్వాత క్లబ్బుకు కొత్త భవనం కట్టారు. కప్పును అద్దాల బీరువాలో పెట్టారు. పక్కన నన్నూ పెట్టి, నా కింద ఒక అట్ట నిలబెట్టారు: 'నిష్పక్షపాత నిర్ణయానికి సాక్షి'. సాక్షినట. నన్ను ఎవడు అడిగాడు, నేను ఎప్పుడు చెప్పాను?

ఎండాకాలం దాటింది, ఓదెలు వయసు దాటింది. బదిలీ పేరు కూడా తీసేశారు. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు కింద క్లబ్బు ఊడ్చి తుడిచే పని చేస్తున్నాడు. వారానికోసారి అద్దాల బీరువా తెరుస్తాడు. కప్పు తుడుస్తాడు, నన్ను తుడుస్తాడు. ఎప్పుడూ నన్ను చెవి దగ్గర పెట్టుకోలేదు.

మొన్న లింగమూర్తి సారు వచ్చాడు. రిటైరయ్యాడు, ఒళ్లు తగ్గింది. ఓదెలు బీరువా తెరిచి తుడుస్తూ ఉంటే వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఓదెలూ" అన్నాడు. "ఆ దినం ఈ వాచీ..."

ఓదెలు తిరగలేదు.

"కొంచెం జరుగున్రి సారూ. మీ నీడ పడుతున్నది, మరకలు కనవడ్తలేవు."

సారు జరిగాడు. ఓదెలు అద్దం మీద ఊది, ఇంకోసారి తుడిచి, బీరువాకు తాళం వేసి, బకెట్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లాడు.