గుమ్మెట కింది పాట

నాకు కోపం జాస్తి అంటరు. ఉంటది మరి. ఇరవై యేండ్లు మొగని పక్కన నిలబడి గుమ్మెట కొట్టినదానికి కోపం రాక ఏమొస్తది? కథంత ఆయనది, పేరంత ఆయనది, చేతులు వాచుడు మాత్రం నాకు.

మా ఆయన కురుమయ్య. భుజం మీద శారద తంబుర పెట్టుకొని, తంతి మీటుకుంట, గజ్జెలు కట్టుకొని ఎగిరి కథ చెప్పెటోడు. ఒక దిక్కు నేను, ఒక దిక్కు మా ఆడబిడ్డ బాలమణి, ఇద్దరం ఇత్తడి గుమ్మెటలు కొట్టుకుంట వంత పాడేటోళ్లం. గద్వాల సంస్థానంల మా కథ ఇనని ఊరు లేదు. అన్నిట్ల పెద్దది రాణి కొడుకు కథ. ఆ పిల్లగాడు బాయిల పడి సస్తడు. రాణి వాన్ని ఒళ్లె పెట్టుకొని ఏడ్చి ఏడ్చి, ఆఖరికి ఒక పాట పాడి లేపుకుంటది.

ఆ లేపే పాట కాడ మా ఇంట్ల ఒక కట్టుబాటుంది. ఆయన పెదవులు కదలంగనే మేం గుమ్మెటలు పగిలేటట్టు కొట్టాలె. ఎందుకంటె వేరే మేళమోళ్లు జనంల కూసొని పాట ఎత్తుకపోతరని. మా మామ కాలం నుంచి గదే పద్ధతి. ఒకసారి అడిగిన, "నాకన్న చెప్పరాదయ్యా ఆ పాట?" అని.

"ఆడదానికెందుకే? నువ్వు కొట్టు," అన్నడు.

కొట్టిన. ఇరవై యేండ్లు నా చేతులతోనే నా చెవులు మూసుకున్న.

జర్మనోని లడాయి నడుస్తున్న యేడు, వడ్డేపల్లి దిక్కు ఒక ఊరికి ధర్మయ్య పటేలు మమ్మల్ని పిలిపిచ్చిండు. ఆయనకు ఒక్కడే కొడుకు, ఆరేండ్లోడు. తొమ్మిది దినాల సంది జరం. పటేలు పెండ్లాం రామేశ్వరమ్మ రాణి కొడుకు కథ చెప్పిస్తనని మొక్కుకుందంట. కథల పిల్లగాడు సచ్చినంక వాన్ని లేపేదాక కథ ఆపొద్దు, ఎవ్వరు లేవొద్దు. ఆపితె ఆ సావు ఆ ఇంట్లనే ఉండిపోతదని జనం నమ్మిక. ఆ నమ్మిక మా పెద్దలే పుట్టిచ్చిండ్రో, జనమే పుట్టిచ్చిండ్రో తెల్వదు. అప్పటిదాంక దానితోని మాకు బాగనే గడిచింది.

వాకిట్ల పందిరేసిండ్రు. పగటి బువ్వలైనంక కథ మొదలువెట్టినం. పిల్లగాన్ని మంచంతోనే తెచ్చి మా ముంగట పెట్టిండ్రు. పెదవులెండి, కండ్లు సగం మూసుకొని పండుకున్నడు. పటేలు కర్ర పక్కన పెట్టుకొని గడప మీద కూసున్నడు.

"సక్కగ చెప్పు కురుమయ్యా. నా కొడుక్కు ఏమన్న అయితె మీరు ఊరు దాటరు," అన్నడు. నవ్వుకుంట అనలే.

పొద్దు వాలుతుండంగ కథల పిల్లగాడు బాయిల పడ్డడు. రాణి పీనుగను ఒళ్లెకు తీసుకుంది. రామేశ్వరమ్మ కొంగు నోట్ల కుక్కుకుంది. ఇగ లేపే పాటనే. నేను గుమ్మెట మీదికి చెయ్యెత్తిన.

ఆయన నోరు తెరిచిండు, మాట రాలే. నోరు ఒక పక్కకు గుంజుకపోయింది. శారద జారి కింద పడ్డది. పందిరి గుంజ పట్టుకొని మెల్లగ కూలబడ్డడు. పచ్చవాతం.

"అన్నా!" అని బాలమణి మొత్తుకుంది.

పటేలు లేసి నిలబడ్డడు. కర్ర చేతిలకొచ్చింది. "ఏమాయె? పిల్లగాన్ని లేపుండ్రి!"

మొగన్ని చూడాల్నా, పటేలును చూడాల్నా, మంచం మీది పసిపానాన్ని చూడాల్నా? "వదినా, ఉరుకుదాం పా," అని బాలమణి నా చెవుల అన్నది. ఏడికి ఉరుకుతం? వాకిలి నిండ మనుషులు. పడ్డ మొగన్ని ఇడిసి ఎట్ల పోత?

గప్పుడు రామేశ్వరమ్మ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. పటేలు పెండ్లాం, నా కాళ్లు! "నువ్వన్న లేపు రుక్కమ్మా. ఇరవై యేండ్ల సంది ఇంటున్నవు కద!"

ఇన్నదెక్కడ నా తల్లీ! ఆ మాట చెప్తె కర్ర లేస్తది. చెప్పకుంటె పాట కావాలె.

శారద ఎత్తుకున్న. ఆడది శారద ముట్టొద్దంటరు, అదిగూడ మా ఇంటి కట్టుబాటే. నోరు తెరిస్తె ముందుగాల ఉత్త గాలొచ్చింది.

నా సిన్నోడు యాదికొచ్చిండు. గత్తర రోగమొచ్చిన యేడు, నాలుగేండ్ల నా కొడుకు, కొల్లాపూర్ తొవ్వల నా ఒళ్లెనే పోయిండు. ఆ పొద్దు వానితోని నేనన్న మాటలు ఎవ్వరు ఇనలే. ఆ మాటలే రాగంల పెట్టిన.

"లే నాయినా, పొద్దెక్కింది లే. కుండల సల్లంబలుంది లే కొడుకా. నీ గిలక్కాయ నా కొంగుకే కట్టుకున్న. అలిగితె అలుగు గని, జర కండ్లు తెరిసి అలుగు..."

బాలమణి అలవాటు కొద్ది గుమ్మెట కొట్టబోయింది. "కొట్టకు," అన్న. "ఇననీ."

నా కొడుకు ఆ పొద్దు లేవలే. కథల పిల్లగాన్ని మాత్రం లేపిన. బువ్వ అడిగిచ్చిన, రాణి సంకకెక్కిచ్చిన, మంగళం పాడిన. పందిరంత ఏడుస్తుంది. పటేలు కర్ర ఎప్పుడు కింద పెట్టిండో నేను చూడలే.

ఆయన్ని పందిరి కిందనే పండుకోబెట్టుకున్నం. రెండు దినాలు మమ్మల్ని ఊరు దాటనియ్యలే. ఆ రెండు దినాలు నాకు ముద్ద దిగలే. పిల్లగాని మంచం కిర్రుమంటె లేసి పోయి చూసేదాన్ని. మూడోనాడు చెమట పట్టి జరం దిగింది. నా పాటతోనే దిగిందంటరు. గద్వాల దవాఖాన మందుగూడ పడ్డది, నేను అబద్ధమాడ.

పటేలు బండి కట్టిచ్చి పంపిండు. మొగని తల నా ఒళ్లె పెట్టుకొని కూసున్న. నా కోపం ఆగలే. "ఇప్పుడన్న చెప్పయ్యా, ఏముంది ఆ పాటల? నీతోనే పోవాల్నా అది?"

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మంచిగున్న చెయ్యితోని నా గుమ్మెటను దబదబ కొట్టిండు. కొట్టుకుంట పెదవులు ఆడిచ్చిండు. చెయ్యి ఆపిండు. పెదవులు ఆడుతనే ఉన్నయి, అండ్ల మాట లేదు.

"లేదు... రుక్కీ," అన్నడు ముద్దముద్దగ. "మా నాయిన... చెప్పలే."

నాకు అర్థమయ్యేసరికి బండి వాగు దాటింది. మా మామ పాట చెప్పకుండనే పోయిండు. ఈయన ఇరవై యేండ్లు ఉత్త పెదవులు ఆడిచ్చిండు. మా ఇద్దర్ల ఎవ్వరి చెయ్యి ఆగినా బయటపడుతనని, ప్రతి వాకిట్ల భయపడుకుంట నిలబడ్డడు.

తిడుదామనుకున్నదాన్ని, "గింత భయం ఒక్కనివే మోసినవా? నాకు చెప్తె ఏమైతుండె?" అని ఆయన వంకరనోరు కొంగుతోని తుడిసిన.

"మల్ల... పాడు," అన్నడు.

బాలమణి గుమ్మెటను పక్కకు పెట్టింది. పాడిన. గిలక్కాయ కాడికి రాంగనే ఆయన నా కొంగు ముడి పట్టుకున్నడు. మా సిన్నోని కోసం ఆయన ఏడ్సుడు నేను గప్పుడే చూసిన.