నారింజ నీళ్ళలో ఫినాయిల్

జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం అదోలా పెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ వాసన చూశాడు. వారాల తరబడి వెనిగర్‌లో నానిన నారింజ తొక్కలు మెత్తబడి, రంగంతా వదిలేసి అడుక్కి చేరాయి. వాసన బాగానే ఉంది. ఆయన బాధ కూడా అదే. ఇంత కమ్మగా ఉండేది మురికినేం చేస్తుంది? ముద్దు పెట్టుకుంటుందా?

"వడకట్టడం అయిందా?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"అవుతోంది."

"వాసన చూస్తూ కూర్చుంటే అవదు."

ఉలిక్కిపడ్డాడు. ఈవిడకి గోడల్లోంచి కూడా కనిపిస్తుంది కాబోలు! గిన్నె మీద పల్చటి గుడ్డ పరిచి జాడీ వంచాడు. పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి తుడుపుకర్ర పట్టుకుని వంగీ వంగీ నడుము ముందుకే ఉండిపోయింది. వేళ్ళ చివర్లు గీతలు అరిగిపోయి నున్నగా ఉంటాయి, గోళ్ళ చుట్టూ చర్మం పొట్టు లేస్తూ ఉంటుంది. ఆసుపత్రి వార్డుల్లో నేల తుడిచే ఉద్యోగం చేసి, దిగిపోయాడు. వీధిలో అందరికీ ఆయన ఫినాయిల్ మావయ్య. పిల్లలు పెట్టిన పేరు, పెద్దవాళ్ళూ అదే వాడేశారు. ఆయనకి అందులో మర్యాదే వినిపించేది.

ఆసుపత్రిలో బకెట్‌లో ఫినాయిల్ పొయ్యగానే నీళ్ళు పాలలా తెల్లబడాలి. తెల్లబడకపోతే సరుకు కల్తీదని మేస్త్రీ గొడవ పెట్టుకునేవాడు. ఆయనకి శుభ్రమంటే ఆ తెలుపూ, ముక్కు మండే ఆ ఘాటూ. మిగతాదంతా సెంటు.

అలాంటి మనిషి ఉద్యోగం దిగి ఇంటికొచ్చిన నెలలోనే ఈవిడ జాడీలు తెచ్చిపెట్టుకుంది. అనుమానం అక్కడ పుట్టింది. అన్నేళ్ళూ లేని బుద్ధి సరిగ్గా అప్పుడే ఎందుకు పుట్టిందట? గచ్చుకి నారింజ, కిటికీలకి నిమ్మ, సింకులో పుదీనా, ఆఖరికి ఆయన కూర్చునే కుర్చీకి కూడా నీలగిరి తైలం! ఇల్లు కడుగుతోందా, తనని కడిగేస్తోందా? తను అంటే మొదట్నుంచీ అసహ్యమేమో, ఇన్నాళ్ళూ బిగబట్టుకుని ఉందేమో. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అవునంటే? అవునంటే ఇంక ఈ ఇంట్లో ఎలా ఉండాలి? ఆ భయంతో మాట మింగేసేవాడు.

ఆవిడ నింపి అమ్మే సీసాలు ఇళ్ళకి ఇచ్చి రావడం ఆయన పని. సంచీ పట్టుకుని గుమ్మం దాటాక, మేడమెట్ల కింద ఆగి, అక్కడ దాచిన డబ్బాలోంచి ఒక్కో సీసాలో మూతెడు ఫినాయిల్ పోసేవాడు. చెడ్డబుద్ధితో కాదు పాపం. పెళ్ళాం చేసిన సరుకు పనిచెయ్యదని ఎవరైనా అంటే తట్టుకోలేడు. అవి గోధుమరంగు మందుల సీసాలు కాబట్టి, లోపల నీళ్ళు తెల్లబడినా పైకి కనిపించేవి కావు.

ఆయన గుడ్డ పిండుతుండగా వీధి మొదట్లో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ విసవిసా వచ్చింది. చేతిలో సగం వాడిన సీసా ఉంది.

"ఏం కలిపావక్కా దీన్లో? దీంతో బల్ల తుడిచి, దాని మీద గౌను కత్తిరించి కుట్టాను. తీసుకెళ్ళినావిడ తిరుగు టపాలో వచ్చింది. ఎవరైనా రోగి వేసుకున్నదా అని అడుగుతోంది! నా తల ఎక్కడ పెట్టుకోను?"

భార్య మూత తీసి వాసన చూసింది. మూత బిగించింది. మొహంలో ఏమీ కనిపించలేదు. ఆయన పిండేసిన గుడ్డనే మళ్ళీ పిండాడు.

"ఆ జ్యూస్ కొట్టువాడు కుళ్ళిన తొక్కలు అంటగట్టినట్టున్నాడే. నీకు వేరే సీసా ఇస్తాలే."

"ఇంకోసారి ఇలా అయితే నాకొద్దక్కా. ఉన్నమాట చెప్తున్నా, ఏమీ అనుకోకు" అని దర్జీ ఆవిడ వెళ్ళిపోయింది.

భార్య చెప్పులేసుకుంది.

"పదండి."

"ఎక్కడికే?"

"జ్యూస్ కొట్టుకి. నలుగురిలో నిలబెట్టి దులిపేస్తాను వాణ్ణి."

ఆవిడ ముందు, ఆయన వెనక. ఇనుప సామాను కొట్టు దాటారు. మంగలి షాపు దాటారు. ఈవిడకి తెలిసిపోయిందా? తెలిస్తే ఇంత నెమ్మదిగా ఎందుకుంది, కోపం ముక్కు మీదే ఉండే మనిషి? తెలియదందామంటే, తనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఫినాయిల్ వాసన తెలియకుండా పోతుందా? నడుస్తుంటే ఆయాసం వచ్చింది. ఎదురుగా జ్యూస్ కొట్టు బోర్డు కనిపించేసరికి కాళ్ళు ఆగిపోయాయి. దీపస్తంభం పట్టుకున్నాడు.

"ఆగవే. వాడు కాదు. నేనే. సీసాకి మూతెడు ఫినాయిల్ పోశాను."

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఇందాక మూత తియ్యగానే."

"మరి ఈ దండయాత్ర ఎందుకు?"

"ఎంతదూరం వచ్చాక నోరు విప్పుతారో చూద్దామని. ఇంకా నయం, వాడి మొహం చూడకముందే విప్పారు. ఊరికే తొక్కలిచ్చే మారాజు, వాణ్ణి ఏమంటాను?"

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఎలాగూ పరువు పోయింది కదా అని, గొంతుకి అడ్డం పడ్డది కూడా కక్కేశాడు.

"నేనొకటి అడుగుతా, నిజం చెప్తావా? నా వాసన పడకేగా ఇదంతా మొదలుపెట్టావు?"

ఆవిడ ఆయన వైపు చూసింది. అబద్ధం చెప్దామా అని కాసేపు ఆలోచించినట్టే ఉంది.

"పడదు. ఏనాడూ పడలేదు. పెళ్ళయిన కొత్తలో అయితే కడుపులో తిప్పేది, అటు తిరిగి పడుకునేదాన్ని. మీరేమో నడుం నొప్పంటూ వచ్చేవారు, ఇంకేం చెప్తాను? మనకి అన్నం పెట్టేది అదే కదా అని నోరు మూసుకున్నాను. ఉద్యోగం అయిపోయింది, ఇంక నాకూ నచ్చిన వాసన ఇంట్లో ఉండాలనిపించింది. తప్పా?"

"అంటే ఇన్నేళ్ళూ నేనంటే..."

"ఏడిసినట్టుంది! వాసన పడదన్నాను గానీ మీరు పడరన్నానా? ముందు ఆ గుంటలో కాలు పెట్టకండి, ఇటు రండి."

చెయ్యి పట్టుకుని లాగింది. నడిరోడ్డు మీద ఆవిడ తన చెయ్యి పట్టుకోవడం ఆయనకి గుర్తున్నంతలో అదే మొదలు. ఇల్లు చేరేదాకా వదిలించుకోలేదు. మెట్ల కింద డబ్బా తీసి, మిగిలిన ఫినాయిల్ కాలవలో వంపేశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆఖరి చుక్క దాకా చూసింది. నమ్మకం ఉంది గానీ, చూడ్డంలో తప్పేముంది?

భోజనాలయ్యాక ఆవిడ కొత్త సీసాలు నింపుతుంటే, ఆయన బీరువా అడుగు అరలో పాత దుప్పటి కింది నుంచి నీలం చొక్కా తీశాడు. ఆసుపత్రి యూనిఫాం. ఆఖరి రోజు వేసుకొచ్చింది, ఉతకనివ్వకుండా దాచుకున్నాడు. ఆవిడ లేనప్పుడు తీసి, మొహానికి ఆనించుకుని, మళ్ళీ మడిచి పెట్టేవాడు.

"బకెట్ నీళ్ళకి ఇదెంత పొయ్యాలి?" అని పెరట్లోంచి అడిగాడు.

"దేనికి?"

"నీకెందుకు, చెప్పు!"

"రెండు మూతలు చాలు."

ఆయన నాలుగు పోశాడు. ఎంతైనా నారింజ నీళ్ళు కదా, పూర్తిగా నమ్మడానికి మనసొప్పలేదు. కాలరు, చంకలు, చేతుల అంచులు పట్టి పట్టి రుద్దాడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. పిండి, దులిపి, తీగ మీద ఆరేసి, గోడకి ఆనుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

ఆవిడ టీ పెట్టి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. టీ మీద తొరక కట్టింది. అప్పుడొచ్చింది అనుమానం. మహానుభావుడు మళ్ళీ ఏం కలుపుతున్నాడో! రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని చెప్పులు విడిచి, అడుగుల చప్పుడు కాకుండా పెరటి గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూసింది.

తల గోడకి వాల్చి ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, తడికి వేళ్ళు ముడతలు పడి.

"దొంగనిద్ర చాలు, లేవండి" అంది. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. పేరు పెట్టి పిలవని మనిషి, పేరు పెట్టి పిలిచింది. కేక విని దర్జీ ఆవిడే ముందు పరిగెత్తుకొచ్చింది.

పొద్దువాలేసరికి ఇల్లంతా జనం. ఆవిడ లేచి పెరట్లోకొచ్చింది. చొక్కాని రెండు చేతులా దగ్గరికి లాక్కుని కాలరులో మొహం పెట్టింది. నారింజ. చంక కుట్లు వెతికింది, గుండీల పట్టీ వెనక వెతికింది. నారింజే. ఏళ్ళ తరబడి కడుపులో తిప్పిన ఆ కంపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కావాలనిపించింది. ఇంట్లో చుక్క లేదు, చొక్కాలో ఒక్క పోగుకైనా ఆ వాసన మిగల్లేదు. "ఇంత బాగా ఎవరు ఉతకమన్నారయ్యా నిన్ను?" అని భోరుమంది. దర్జీ ఆవిడ వచ్చి భుజాలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

తీగ మీద నీలం చొక్కా, జేబు బయటికి తిరగేసి, ఇంకా కొంచెం తడిగానే ఉంది.