ఆపరేషనైన పిల్లి

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని పెద్దలు చెప్పారు. అందుకని మనవాళ్ళు పిల్లిని చంపరు. గోనెసంచిలో వేసి, మూతి బిగించి, మూసీ అవతల పడేసి వస్తారు. ఏరు దాటిన పిల్లి తిరిగి రాదట. అక్కడ అది ఏం తిని బతుకుతుందో, ఏ కుక్క నోట పడుతుందో వీళ్ళకు పట్టదు. పాపం తమకు అంటకపోతే చాలు.

అలాంటి సంచి ఒకటి మిర్యాలగూడ రోడ్డు వంతెన పక్కన కదులుతుంటే మంజుల స్కూటీ ఆపి విప్పింది. లోపల బూడిదరంగు పిల్లి, దాని పొట్టకు కరుచుకుని మూడు పిల్లలు. కట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, నాలుగు ప్రాణాలనూ సూర్యాపేట తెచ్చుకుంది. తన ఇద్దరు పిల్లలూ పట్నం హాస్టల్లో ఉంటే, జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి, ఉండేది చంద్రమ్మ ఇంట్లో కిరాయికి. ఇల్లుగలామెకు పిల్లులంటే గిట్టదని తెలుసు. తెలిసే తెచ్చింది.

తల్లిపిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇక్కడ ఆ తిప్పలేవో మంజులే పడింది. పాలు మానగానే ఒకదాన్ని మిర్యాలగూడ రైసుమిల్లులో వాచ్‌మన్ పిచ్చయ్యకు అప్పజెప్పింది. "ఎలుకలమందుతోని కానిది గీ పిడికెడు దానితోనైతదా?" అంటూనే ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టుకున్నాడు. ఇంకొకటి ఆత్మకూర్ (ఎస్)లో టీచరమ్మ ఇంటికి పోయింది. మూడోదాన్ని కోదాడలో జాకెట్ల గిరాకీ యమున అడిగి మరీ తీసుకుంది.

మిగిలింది తల్లి. ఎదిగిన పిల్లిని ఎవరడుగుతారు? మంజులకూ ఇవ్వాలని లేదు. కుట్టుమిషన్ కింద పడుకుని పెడల్ చప్పుడు వింటూ కళ్ళు మూసుకునే ఆ బూడిదమ్మ మీద ఆమెకు ప్రాణం అతుక్కుపోయింది. కానీ పెంకుల మీద గండుపిల్లి రోజూ కాపలా కాస్తోంది. "ఇంకొక్క ఈత నా ఇంట్ల కావద్దు. అయితే పిల్లి అన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె," అని చంద్రమ్మ ముందే చెప్పింది.

సరే, ఈతే లేకుండా చేద్దామనుకుంది మంజుల. సూర్యాపేటలో అడిగిన చోటల్లా నవ్వారు. యమున చెప్తే బుట్టలో పెట్టుకుని కోదాడ పోయింది. అక్కడ పశువుల డాక్టర్ రాజ్‌కుమార్ కళ్ళజోడు సర్దుకుని, "ఆపరేషన్ చేస్తానమ్మా. ఎడమ చెవి కొన కూడా కాస్త కత్తిరిస్తాను. అయిపోయిందని గుర్తు. రేపెవరైనా పట్టుకెళ్ళి మళ్ళీ కొయ్యకుండా ఉంటుంది," అన్నాడు.

ఆ చెవే కొంప ముంచింది.

కుట్లు మానాక బూడిదమ్మ గోడెక్కి కూర్చుంది. గల్లీవాళ్ళు చూశారు. కోసిన చెవి, గొరిగిన పొట్ట, దాని మీద గీతలాంటి మచ్చ. సాయంత్రానికల్లా ఒక మాట పుట్టింది: బాణామతి. మంజుల చేతబడికని పిల్లి చెవి కోసి రక్తం తీసిందట. చంద్రమ్మ మనవడికి జ్వరం రావడం దానివల్లేనట. ఒకప్పుడు ఈ మాటకే ఊళ్ళల్లో మనుషుల పళ్ళు ఊడగొట్టారు. మంజుల లోపలికి పోయి తలుపేసుకుందామనుకుంది. కానీ అప్పటికే చంద్రమ్మ కొడుకు ఉపేందర్ సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. వెనక గల్లీ ఆడవాళ్ళంతా ఉన్నారు. మంజుల పిల్లిని చంకనెత్తుకుని గడపలో నిలబడింది.

"పిల్లినియ్యి అక్కా. మూసీ దాటిచ్చొస్త. లేకుంటే నువ్వే సామాను సర్దుకో," అన్నాడు ఉపేందర్.

"ఎందుకియ్యాలె తమ్మీ?"

చంద్రమ్మ ముందుకొచ్చింది. "చెవెందుకు కోసినవే?"

"నీ మనవనికి చెవులు కుట్టిస్తే ఊరందరికీ దావతిచ్చినవ్ పెద్దమ్మా. నా పిల్లికి ఇంతంత కోస్తే బాణామతా? ఆపరేషనైనట్టు డాక్టర్ పెట్టిన గుర్తది!"

"ఏం ఆపరేషను?"

"పిల్లలు కాకుండా."

వాకిలంతా గోల లేచింది. నోరులేని దానికి ఆపరేషనా, పాపం తగులుతుంది, వంశం నిలువదు, తలో మాట. మంజులకు భయం పోయి కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ కిరాయిదాన్నని మింగుకున్నదంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

"ఆపరేషన్ పాపమా? అయితే గీడ ఆపరేషన్ కాని ఆడది ఎవ్వలో జర చెయ్యి లేపుండ్రి!"

ఒక్క చెయ్యి లేవలేదు. ఆపరేషన్ అంటే ఈ గల్లీలో దేనికని ఎవరూ అడగరు. గుండెకు కాదు, కంటికి కాదు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడదానికి అయ్యేది.

"నాకైంది. ఆమెకైంది. నీకు గాలేదా పెద్దమ్మా? తుంగతుర్తి క్యాంపుల నిన్ను నేలమీద పండవెట్టిన్రని నువ్వే చెప్పలే? కుట్లు పచ్చిగుండంగనే నాట్లకు పోయినవని చెప్పలే? గప్పుడు ఎవ్వలకు తగిలింది పాపం? దీన్ని నేను చద్దరేసి పండవెట్టిన. పాలువోసిన. కుట్లు ఆరేదాకా ఒళ్ళోనే పెట్టుకున్న. నేనియ్య. సామాను బయట పారేస్తే దీన్ని పట్టుకొని రోడ్డు మీద కూసుంట, గని సంచిల మాత్రం వెయ్యనియ్య!"

చంద్రమ్మ బూడిదమ్మ పొట్ట మీది గీతను చూస్తూ ఉండిపోయింది. ఆమె చెయ్యి తెలియకుండానే చీర కుచ్చిళ్ళ దగ్గరికి, తన పాత కుట్ల మీదికి పోయింది. "నన్నెవ్వలు ఒళ్ళో పెట్టుకున్నరే," అంది చివరికి. కొడుకు చేతిలో సంచి లాక్కుంది.

"అమ్మా, మల్ల గీ పిల్లి?" అన్నాడు ఉపేందర్.

"ఉంటది. ఇగ ఈనదాయె, నీకేం నొప్పి? చేతనైతే పోయి పెంకుల మీది గండుదాన్ని పట్టుకరా. కోతలన్నీ ఆడోళ్ళకేనా? ఈ మాటు కోదాడకు గదే పోతది."

ఆడవాళ్ళలో ముందొకరు నవ్వారు, తర్వాత అందరూ. ఉపేందర్ భార్య గీత జ్వరం పిల్లవాణ్ణి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చంటిదింకా ఉయ్యాల్లోనే ఉంది. వచ్చే వారం ఆపరేషన్‌కు ఆమెకు దవాఖానలో తేదీ ఇచ్చారు. మగవాళ్ళకూ చేస్తారని ఆశా కార్యకర్త చెప్తే, బరువులు మోసేవాణ్ణి, నాకెట్లయితది అని ఉపేందర్ లేచి వెళ్ళిపోయాడు. అత్తముందు ఏనాడూ గొంతు లేపని గీత ఇప్పుడు అందరికీ వినబడేటట్టే అంది:

"వదినా, గండుపిల్లిని తోల్కపోయే నాడు స్కూటీ వద్దు, ఆటో మాట్లాడు. మా ఆయన గూడ వస్తడు."